ఢీకొట్టిన బండికి బీమా లేకపోతే

సభకు నమస్కారం.

మోటారు బీమా గురించి మాట్లాడమన్నప్పుడు ఏ పాలసీ కొనాలి, ప్రీమియం ఎక్కడ తగ్గుతుంది అనే విషయాలు మీకు ఏజెంట్లు ఎలాగూ చెబుతారు కనుక, ఈ సాయంత్రం నేను ఒక్క ప్రశ్న చుట్టూనే మాట్లాడదలచుకున్నాను. మనం బండి సక్రమంగానే నడుపుతున్నాం, మన కాగితాలన్నీ సరిగానే ఉన్నాయి. ఎదుటివాడు వచ్చి గుద్దాడు. తీరా చూస్తే అతని బండికి బీమా లేదు, ఉన్నా మన నష్టానికి చాలదు. అప్పుడు మన ఇంటికి డబ్బు ఎక్కడినుంచి వస్తుంది? చాలాకాలం మోటారు క్లెయిముల విభాగంలో పనిచేసి, పదవీ విరమణ తర్వాత బాధిత కుటుంబాలకు కాగితాల విషయంలో సాయపడుతున్న నాకు, ఈ ప్రశ్నకు జవాబు ప్రమాదం జరిగాక వెతుక్కునే కుటుంబాలే తప్ప ముందుగా ఆలోచించుకున్న కుటుంబం అరుదుగా కనిపిస్తోంది.

మన విశాఖ నగరం సంగతి మీకు తెలియనిది కాదు. ఆనందపురం దగ్గర మొదలుపెడితే కొమ్మాది, మధురవాడ, హనుమంతవాక, మద్దిలపాలెం, ఎన్‌ఏడీ కూడలి, గాజువాక, కూర్మన్నపాలెం, లంకెలపాలెం వరకు జాతీయ రహదారి ఊరి మధ్యనుంచే పోతుంది. పోర్టు లారీలు, ఉక్కు కర్మాగారం షిఫ్టు బస్సులు, పరవాడ ఫార్మా కంపెనీల వాహనాలు, ఆటోలు, పిల్లల్ని బడికి దింపే స్కూటర్లు అన్నీ ఒకే దారిలో నడుస్తాయి. దేశం మొత్తం మీద 2022లో 4,61,312 రోడ్డు ప్రమాదాలు జరిగి 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రవాణా శాఖ లెక్క. రోడ్ల మీద తిరిగే వాహనాల్లో సగానికి పైగా బీమా లేనివేనని పార్లమెంటు స్థాయీ సంఘం నివేదికలోనే ఉంది. అంటే మనల్ని గుద్దే బండికి బీమా ఉండకపోవడం ఎక్కడో అరుదుగా జరిగే సంగతి కాదు, ముందే లెక్కలో వేసుకోవలసిన సంగతి.

చట్టం మాత్రం మొదటినుంచీ స్పష్టంగానే ఉంది. 1939 నాటి మోటారు వాహనాల చట్టంలోని థర్డ్ పార్టీ బీమా, అంటే మన బండివల్ల ఇతరులకు కలిగే నష్టానికి చేయించే బీమా నిబంధన 1946 నుంచి అమల్లోకి వచ్చింది. ఇప్పుడున్న 1988 చట్టంలో 146వ సెక్షను ప్రకారం థర్డ్ పార్టీ బీమా లేకుండా బహిరంగ స్థలంలో బండి తిప్పడం నేరం. 2019 సవరణ తర్వాత 196వ సెక్షను కింద మొదటిసారి దొరికితే రెండు వేల రూపాయల జరిమానా గాని, మూడు నెలల వరకు జైలు గాని, రెండూ గాని పడవచ్చు. మళ్లీ దొరికితే జరిమానా నాలుగు వేలు. రోడ్డు భద్రతపై వేసిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు ఆదేశించిన మీదట 2018 సెప్టెంబరు 1 నుంచి కొత్త కారుకు మూడేళ్లకు, కొత్త ద్విచక్ర వాహనానికి ఐదేళ్లకు ఒకేసారి థర్డ్ పార్టీ పాలసీ ఇవ్వడం మొదలైంది. ఇది మంచి మార్పు. అయితే దీనిలో ఒక చిక్కు కూడా ఉంది. ఏటేటా రెన్యువల్ చేసే అలవాటు లేనివాడికి ఐదేళ్ల తర్వాత ఆ తేదీ గుర్తుండదు. షోరూము వాళ్లు బండితో పాటు ఇచ్చిన కాగితం బీరువాలో ఎక్కడో ఉంటుంది, గడువు ఎప్పుడు ముగిసిందో ఇంట్లో ఎవరికీ తెలియదు. మీలో ఎవరైనా 2018 తర్వాత కొత్త బండి కొని ఉంటే, ఈ రాత్రికే ఎంపరివాహన్ యాప్‌లో నంబరు కొట్టి బీమా గడువు చూసుకోండి. అదే యాప్‌లో మిమ్మల్ని గుద్దిన బండి గడువు కూడా కనబడుతుంది.

ఇప్పుడు డబ్బు లెక్క ఒకటి వేసి చూపిస్తాను, ఎందుకంటే ఈ విషయంలో లెక్కే అసలు మాట. ముప్పై రెండేళ్ల మనిషి, నెలకు పదిహేను వేలు సంపాదించే సొంత పనివాడు, ఇంట్లో భార్య, ఇద్దరు పిల్లలు, తల్లి ఉన్నారనుకుందాం. ఎదుటి బండి తప్పువల్ల అతను చనిపోతే, మోటారు ప్రమాదాల కేసులు తేల్చే ట్రిబ్యునల్ పరిహారాన్ని ఎలా లెక్కకడుతుందో 2009లో సరళావర్మ కేసులోను, 2017లో ప్రణయ్ సేఠి కేసులోను సుప్రీంకోర్టు ఒక పద్ధతి స్థిరపరచింది. ఏడాది సంపాదన లక్షా ఎనభై వేలు. నలభై ఏళ్లలోపు వాడు గనుక రాబోయే కాలపు ఎదుగుదల కింద నలభై శాతం కలిపితే 2,52,000. ఆధారపడినవారు నలుగురు గనుక అతని సొంత ఖర్చు కింద నాలుగో వంతు తీసేస్తే 1,89,000. ఆ వయసుకు వర్తించే గుణకం 16. గుణిస్తే 30,24,000 రూపాయలు. అంత్యక్రియల ఖర్చు, భార్యాబిడ్డలు కోల్పోయిన తోడు వంటి పద్దులు దీనికి అదనం. ఈ ముప్పై లక్షల బాధ్యతను బీమా కంపెనీ తన మీద వేసుకోవడానికి బండి యజమాని కట్టవలసింది ఎంత? 2022 జూన్ 1 నుంచి అమల్లోకి వచ్చిన రేట్ల ప్రకారం 75 నుంచి 150 సీసీ లోపు ద్విచక్ర వాహనానికి ఏడాదికి 714 రూపాయలు, దానిపై పన్ను. ఆ 714 రూపాయలు కట్టని మనిషి మనల్ని గుద్దితే ట్రిబ్యునల్ తీర్పులో అంకె మారదు, ముప్పై లక్షలే రాస్తారు. కాని ఆ తీర్పు బండి యజమాని మీద, నడిపినవాడి మీద ఉంటుంది.

ఆ తీర్పుకు ఉన్న విలువ ఎంతో ఒక ఉదాహరణ చెబుతాను. గాజువాక వైపు వెల్డింగ్ పనికి పోయే ఒకాయన సైకిలు మీద ఇంటికి వస్తుండగా ఒక మోటారు సైకిలు గుద్ది చనిపోయాడు. ఆ బండికి పాలసీ గడువు అంతకుముందే తీరిపోయింది. భార్య ఎం.వి.ఓ.పి., అంటే ట్రిబ్యునల్‌లో పరిహారం కేసు వేసింది, గెలిచింది. తీర్పు నకలు ప్లాస్టిక్ కవరులో పెట్టుకుని, ఆ కవరు మడతపడకుండా మధ్యలో అట్టముక్క పెట్టి తెచ్చి నా ముందు పెట్టింది. ఆఖరి పేజీలో ఆమెకు రావలసిన మొత్తం, వడ్డీ శాతంతో సహా, అంకెల్లోను అక్షరాల్లోను ఉంది. బండి యజమాని మార్కెట్లో మూటలు మోసే కూలీ. అద్దె ఇల్లు, జప్తు చేయడానికి ఏమీ లేదు. వసూలు కోసం ఈ.పి., అంటే తీర్పు అమలు పిటిషను వేస్తే దొరికింది ఆ పాత మోటారు సైకిలొక్కటే. అతను కూడా చెడ్డ మనిషి కాడు, తీర్పు చదివి వినిపిస్తే తలదించుకుని కూర్చున్నాడు. ఆమె అడిగిన మాట నాకు ఇప్పటికీ జవాబు లేనిదే: "జడ్జిగారు ఇమ్మన్నారు గదా బాబూ, మరి ఎవరిస్తారు?"

పాలసీ ఉండి, నడిపినవాడికి లైసెన్సు సరిగా లేని కేసుల్లో పరిస్థితి కొంత మేలు. 2004లో స్వరణ్ సింగ్ కేసు తర్వాత అలాంటి చోట్ల ముందు బీమా కంపెనీ బాధితులకు చెల్లించి, తర్వాత యజమాని దగ్గర రాబట్టుకోవాలని కోర్టులు ఆదేశిస్తూ వస్తున్నాయి. పాలసీయే లేనప్పుడు ఆ దారి ఉండదు. ప్రమాదం జరిగిన గంటల్లో ఆన్‌లైన్‌లో పాలసీ కొని పాత గాయానికి కట్టు కట్టవచ్చని అనుకునేవాళ్లను నేను చూశాను. పాలసీ మీద తేదీతో పాటు గంట, నిమిషం కూడా ఉంటాయి, అంతకుముందు జరిగినదానికి అది పనికిరాదు.

బాధితుల పక్షాన ఒక ముఖ్యమైన ఆయుధం ఉంది, దాన్ని వాడుకునేవారు తక్కువ. 2018 సెప్టెంబరులో ఉషాదేవి కేసులో సుప్రీంకోర్టు అన్ని రాష్ట్రాలకూ ఒక ఆదేశం ఇచ్చింది. మరణం గాని, గాయాలు గాని కలిగించిన బండికి బీమా లేకపోతే, పరిహారానికి సరిపడా హామీ యజమాని చూపనిదే ఆ బండిని విడుదల చేయరాదని, గడువులోగా చూపకపోతే వేలం వేసి ఆ సొమ్ము ట్రిబ్యునల్ దగ్గర జమ చేయాలని దాని సారాంశం. స్టేషను ఆవరణలో ఉన్న లారీ విలువ లక్షల్లో ఉంటుంది. అది బయటికి పోయిందంటే మళ్లీ దొరకదు. అందుచేత మరణం జరిగిన ఇంట్లో దినకర్మలు పూర్తయ్యేదాకా ఆగకుండా, ఎవరో ఒక దగ్గరి బంధువు వకీలును కలిసి, బండి విడుదలకు అభ్యంతరం చెబుతూ కాగితం పెట్టించాలి. ఆ సమయంలో ఈ మాట చెప్పడం కఠినంగా ఉంటుందని నాకు తెలుసు. అయినా చెప్పక తప్పదు. అలాగే పరిహారం కోసం దరఖాస్తు చేయడానికి 2019 సవరణ ఆరు నెలల గడువు పెట్టింది. దాని మీద న్యాయస్థానాల్లో వాదనలు ఉన్నా, మనం ఆ గడువును నమ్ముకుని ఆలస్యం చేయకుండా ముందే వేసుకోవడం క్షేమం.

ఇక్కడ బండి అమ్మినవారికి కూడా ఒక మాట. పాత స్కూటరును మెకానిక్కు ద్వారా ఎవరికో అమ్మేస్తాం, డబ్బు తీసుకుని సి-బుక్కు ఇచ్చేస్తాం, సంతకం పెట్టిన ఫారాలు కూడా ఇచ్చేస్తాం. కొన్నవాడు రవాణా కార్యాలయంలో పేరు మార్పించుకోడు, బీమా కట్టడు. ఆ బండి ఎవరినో గుద్దితే చట్టం దృష్టిలో యజమాని ఎవరు? రిజిస్ట్రేషన్ పుస్తకంలో పేరున్నవాడేనని 2018లో నవీన్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. మీరు ఎప్పుడో వదిలించుకున్న బండికి మీరు బాధ్యులవుతారు, మీకు తెలియకుండానే మీరు ఆ బీమా లేని యజమాని అవుతారు. పేరు మారిన ఆధారం చేతికి వచ్చేదాకా అమ్మకం పూర్తికానట్టే లెక్క.

ఇప్పటిదాకా చెప్పింది బీమా అసలే లేని సంగతి. ఉండీ చాలని సంగతి మన దేశంలో కాస్త వేరే రూపంలో ఉంటుంది. మరణానికి, గాయాలకు థర్డ్ పార్టీ పాలసీలో ఇంతవరకే అనే గరిష్ఠ మొత్తం లేదు. ట్రిబ్యునల్ ఎంత నిర్ణయిస్తే అంతా కంపెనీ చెల్లిస్తుంది. ఈ విషయంలో మన చట్టం చాలా దేశాలకంటే ఉదారమైనది. ఆస్తి నష్టానికి మాత్రం హద్దు ఉంది: కారు పాలసీలో ఏడున్నర లక్షలు, ద్విచక్ర వాహన పాలసీలో లక్ష, ప్రీమియం కొద్దిగా తగ్గుతుందని దాన్ని ఆరువేలకు కుదించుకునే వీలు కూడా ఉంది. అసలు ఇబ్బంది మరోచోట ఉంది. ఆ పాలసీ కిందికి ఎవరు వస్తారు, ఎవరు రారు అన్నదే ఆ ఇబ్బంది. ద్విచక్ర వాహనానికి కేవలం చట్టం అడిగిన పాలసీ మాత్రమే ఉంటే వెనక కూర్చున్నవాడు దాని కిందికి రాడని 2006లో తిలక్ సింగ్ కేసులో తీర్పు వచ్చింది. ఊరికే ఎక్కించుకున్న స్నేహితుడు పడిపోయి కాలు పోగొట్టుకుంటే, అతని వరకు ఆ బండికి బీమా లేనట్టే. పెళ్లివారిని లారీలోనో, ట్రాక్టరు తొట్టెలోనో ఎక్కించుకుపోవడం మన పాడేరు, నర్సీపట్నం దారుల్లో కొత్త కాదు. సరుకు వాహనంలో ఊరికే ప్రయాణించేవారికి బీమా కంపెనీ బాధ్యత ఉండదని 2002లో ఆశారాణి కేసులోను, 2004లో బల్జీత్ కౌర్ కేసులోను సుప్రీంకోర్టు చెప్పింది. లారీకి పాలసీ ఉంది, ప్రీమియం కట్టారు, అయినా తొట్టెలో కూర్చున్న ఇరవై మందికి ఆ పాలసీ వర్తించదు. కారు సంగతిలో ప్యాకేజీ పాలసీ, అంటే జనం ఫుల్ ఇన్సూరెన్స్ అనేది ఉంటే లోపల కూర్చున్నవారికి రక్షణ ఉంటుందని 2012లో బాలకృష్ణన్ కేసులో స్పష్టత వచ్చింది. థర్డ్ పార్టీ మాత్రమే ఉంటే ఆ రక్షణ లేదు. వేరే ఊరికి స్నేహితుడి కారులో పోతున్నప్పుడు ఆ కారుకు ఏ పాలసీ ఉందో అడగడం మర్యాద తక్కువ పని అని మనవాళ్లు అనుకుంటారు. అడగడంలో తప్పేమీ లేదని నా అభిప్రాయం.

ఎదుటివాడి పాలసీ మన చేతిలో లేదు. మన చేతిలో ఉన్నది మన పాలసీ. అందుచేత మీ పాలసీ మొదటి పేజీలోని ప్రీమియం పట్టికను ఒక్కసారి వేలు పెట్టి చదవండి. ఎడమవైపు ఓన్ డ్యామేజి అని ఉంటుంది, అది మీ బండి మరమ్మతుకు. ఎదుటివాడికి బీమా లేకపోయినా, గుద్ది పారిపోయినా, ఈ గడిలో అంకె ఉంటే మీ బండి ఖర్చు మీ కంపెనీయే ఇస్తుంది. ఆ గడిలో సున్నా ఉంటే మీకున్నది థర్డ్ పార్టీ మాత్రమే. కుడివైపు మొదట బేసిక్ థర్డ్ పార్టీ, దాని కింద పీఏ కవర్ ఫర్ ఓనర్ డ్రైవర్ అనే వరుస ఉంటుంది. దీని ముందు అంకె ఉందా, ఖాళీగా ఉందా చూడండి. 2018 దాకా ద్విచక్ర వాహన యజమానికి లక్ష, కారు యజమానికి రెండు లక్షలుగా ఉన్న ఈ వ్యక్తిగత ప్రమాద రక్షణను బీమా నియంత్రణ సంస్థ ఆ ఏడాది పదిహేను లక్షలకు పెంచింది. తప్పు ఎవరిదైనా సరే, యజమాని నడుపుతుండగా మరణించినా, శాశ్వతంగా పూర్తి వికలాంగుడైనా పదిహేను లక్షలు వస్తాయి. ఒక కాలు గాని, చేయి గాని, ఒక కన్ను గాని పోతే అందులో సగం. ఎదుటివాడికి బీమా ఉందో లేదో ఈ సొమ్ముకు సంబంధం లేదు. వేరే పాలసీలో ఇంతే రక్షణ ఉన్నవారు దీన్ని తీసుకోనవసరం లేదని నిబంధన ఉంది. కొందరు ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు నాకు వేరే పాలసీ ఉంది అనే గడిలో టిక్కు పెట్టేసి నాలుగు వందలో, ఏడు వందలో మిగుల్చుకుంటారు. వేరే పాలసీ నిజంగా లేకుండా ఆ టిక్కు పెట్టినవారి కుటుంబానికి ఆ పదిహేను లక్షలు రావు. దయచేసి ఆ పని చేయకండి.

ఈ రక్షణకు హద్దులు కూడా ఉన్నాయి. ఇది రిజిస్ట్రేషన్‌లో పేరున్న యజమానికి, అతనికి లైసెన్సు ఉన్నప్పుడే వర్తిస్తుంది. తండ్రి పేరు మీదున్న బండి మీద కాలేజీకి పోయే కొడుకుకు ఇది రాదు. మన నగరంలో ఇంజనీరింగ్ చదివే పిల్లల్లో చాలామంది నడిపేది తండ్రి పేరు మీదున్న బండే గనుక, ఆ పిల్లలకు విడిగా వ్యక్తిగత ప్రమాద పాలసీ తీసుకోవడం అవసరం. వెనక కూర్చునేవారికి, కారులో కూర్చునేవారికి కూడా కొద్దిపాటి అదనపు ప్రీమియంతో ప్రమాద రక్షణ కలుపుకోవచ్చు. మొత్తం చిన్నదే, స్కూటరు మీద మనిషికి లక్ష, కారులో మనిషికి రెండు లక్షల దాకా. అన్నిటికంటే పెద్ద లోటు ఏమిటంటే, ఈ ఓనర్ డ్రైవర్ రక్షణ విరిగిన ఎముకకు, ఆరు నెలల మంచానికి, ఆగిపోయిన జీతానికి ఏమీ ఇవ్వదు. రోడ్డు ప్రమాదాల్లో మరణాలకంటే గాయాలు రెండున్నర రెట్లకు పైగా ఉంటాయి. 2022లో గాయపడినవారు 4,43,366 మంది. ఆసుపత్రి ఖర్చుకు ఆరోగ్య బీమా, పనికి పోలేని కాలానికి వారానికింత అని ఇచ్చే షరతు ఉన్న విడి ప్రమాద పాలసీ, ఈ రెండూ ఉంటేనే గాయపడిన మనిషి ఇల్లు గడుస్తుంది. రోజు కూలీతో బతికేవారికి ఇంత ప్రీమియం భారం అనిపిస్తే కనీసం బ్యాంకు ఖాతా నుంచి ఏడాదికి ఇరవై రూపాయలు కోసే ప్రధానమంత్రి సురక్షా బీమా యోజన పెట్టించండి. 18 నుంచి 70 ఏళ్ల వారికి ప్రమాద మరణానికి రెండు లక్షలు ఇస్తుంది. ఈ సొమ్ములు తీసుకుంటే ట్రిబ్యునల్ పరిహారం తగ్గిస్తుందేమోనని భయపడనక్కరలేదు. మనం ప్రీమియం కట్టి సంపాదించుకున్న జీవిత బీమా సొమ్మును పరిహారంలోంచి కోయకూడదని 1998లో హెలెన్ రెబెల్లో కేసులోనే సుప్రీంకోర్టు చెప్పింది.

గుద్దిన బండి ఏదో తెలియకపోతే ప్రభుత్వ పథకం ఒకటి ఉంది. 2022 ఏప్రిల్ 1 నుంచి హిట్ అండ్ రన్ ప్రమాదంలో మరణానికి రెండు లక్షలు, తీవ్ర గాయానికి యాభై వేలు ఇస్తారు. అంతకుముందు ఇవి ఇరవై ఐదు వేలు, పన్నెండున్నర వేలుగా ఉండేవి. దరఖాస్తు ఆర్డీఓకో, తహశీల్దారుకో ఇవ్వాలి, వారు విచారణ చేసి కలెక్టరుకు పంపుతారు, మంజూరయ్యాక సొమ్ము బ్యాంకు ఖాతాలో పడుతుంది. వకీలు అక్కరలేదు, కోర్టు అక్కరలేదు. 2022లో దేశంలో ఇలా గుద్ది పారిపోయిన ప్రమాదాలు 67,387. 2022-23 ఆర్థిక సంవత్సరంలో ఈ పథకం కింద వచ్చిన దరఖాస్తులు మాత్రం 205. ఈ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి 2024 జనవరిలో సుప్రీంకోర్టు ఆవేదన వ్యక్తం చేసి, ఈ పథకం ఉందని బాధితులకు పోలీసులే తెలియజేయాలని ఆదేశించింది. ఈ సభ నుంచి వెళ్లేటప్పుడు ఒక్క విషయమే పక్కింటివారికి చెప్పగలిగితే ఇదే చెప్పండి. చికిత్స విషయంలో 2025 మేలో కేంద్రం నగదు రహిత వైద్య పథకాన్ని నోటిఫై చేసింది. గుర్తించిన ఆసుపత్రుల్లో ప్రమాదం జరిగిన రోజునుంచి ఏడు రోజుల వరకు ఒక్కొక్కరికి లక్షన్నర దాకా ఖర్చు భరిస్తారు. గుద్దిన బండికి బీమా లేకపోయినా ఇది వర్తిస్తుంది, ఆ ఖర్చు ప్రభుత్వ నిధినుంచి వస్తుంది. గాయపడ్డవాడిని కేజీహెచ్‌కో, మరో ఆసుపత్రికో చేర్చినవారిని కేసుల్లో ఇరికించకుండా 134ఎ సెక్షను కాపాడుతుంది.

ఈ సభలో పిల్లలు అమెరికాలో ఉన్న తల్లిదండ్రులు చాలామందే ఉంటారు. అక్కడ ఈ సమస్యకు జవాబు పాలసీలోనే ఒక విడి భాగంగా ఉంది. దాన్ని అన్‌ఇన్‌షూర్డ్ మోటరిస్ట్, అండర్‌ఇన్‌షూర్డ్ మోటరిస్ట్ కవరేజి అంటారు, వాడుకలో యూఎం, యూఐఎం. గుద్దినవాడికి బీమా లేకపోతే మొదటిది, ఉన్నా చాలకపోతే రెండోది, మన సొంత కంపెనీనుంచే మన నష్టానికి సొమ్ము ఇప్పిస్తుంది. అక్కడ మోటారు బీమా చట్టం ఏ రాష్ట్రానిది ఆ రాష్ట్రానిదే. నిర్బంధ బీమాను మొదట తెచ్చింది మసాచుసెట్స్, 1927లో. మనలాగా మరణానికి, గాయానికి హద్దులేని బాధ్యత అక్కడ లేదు. టెక్సస్‌లో చట్టం అడిగే కనీస పాలసీ ఒక మనిషి గాయానికి ముప్పై వేల డాలర్లు, ఒక ప్రమాదానికి అరవై వేలు, ఆస్తికి ఇరవై ఐదు వేలు. కాలిఫోర్నియాలో ఎన్నో ఏళ్లు ఒక మనిషికి పదిహేను వేలే ఉండి 2025 జనవరి 1 నుంచి ముప్పై వేలయింది. అక్కడి ఆసుపత్రిలో ఒక రాత్రి అత్యవసర విభాగం, ఒక శస్త్రచికిత్స అయ్యేసరికి ఆ ముప్పై వేలు ఎలా కరిగిపోతాయో పిల్లల్ని అడిగితే చెబుతారు. అసలు బీమాయే లేకుండా నడిపేవారు 2019లో దాదాపు ప్రతి ఎనిమిది మందిలో ఒకరని అక్కడి ఇన్సూరెన్స్ రీసెర్చ్ కౌన్సిల్ అంచనా.

పని చేసే తీరు ఉదాహరణతో చెబితే బాగా బోధపడుతుంది. మీ అమ్మాయికి నష్టం లక్షా ఇరవై వేల డాలర్లు. గుద్దినవాడి పాలసీలో ఉన్నది ముప్పై వేలు. అమ్మాయి పాలసీలో యూఐఎం లక్ష డాలర్లు. టెక్సస్‌లో అయితే ఎదుటివాడి ముప్పై వేలు పోను మిగిలిన తొంభై వేలూ ఆమె కంపెనీ ఇవ్వాలి. కాలిఫోర్నియాలో అయితే ఆమె లక్షలోంచి ఎదుటివాడి ముప్పై వేలు తీసేస్తారు, గరిష్ఠంగా వచ్చేది డెబ్భై వేలు. ఒకే పేరున్న కవరేజి, ఒకే అంకె, ఇరవై వేల తేడా. అందుకే ఏ రాష్ట్రంలో ఉన్నా ఈ ప్రశ్నను ఏజెంటును రాతపూర్వకంగా అడగమని పిల్లలకు చెప్పండి. టెక్సస్‌లోను, కాలిఫోర్నియాలోను ఈ కవరేజి వద్దంటే రాతపూర్వకంగా వదులుకోవాలి. కొత్తగా చేరిన విద్యార్థులు పాత కారు కొని, నెల కట్టుబడి తగ్గుతుందని తొందరలో ఆ గడి మీద సంతకం పెట్టేస్తారు, ఏమి వదులుకున్నారో వారికే తెలియదు. మరొక జాగ్రత్త: ఎదుటివాడి కంపెనీ ఇచ్చే సొమ్ము తీసుకుని రాజీ పత్రం మీద సంతకం చేసే ముందు సొంత కంపెనీ అనుమతి తీసుకోవాలనే షరతు చాలా పాలసీల్లో ఉంటుంది, అది మరిస్తే యూఐఎం హక్కు చిక్కుల్లో పడవచ్చు. ఇక పిల్లల దగ్గరికి ఆరు నెలలు ఉండడానికి వెళ్లే మనవంటి పెద్దల సంగతి. పిల్లల కారులో కూర్చున్నప్పుడు సాధారణంగా వారి యూఎం మనకూ వర్తిస్తుంది. సాయంత్రం నడకకు వెళ్లినప్పుడు బీమా లేని కారు గుద్దితే, మనం ఆ ఇంట్లో నివసించే బంధువుల లెక్కలోకి వస్తామా, వచ్చిపోయే అతిథులమా అనేదాని మీద ఆధారపడుతుంది. విమానం ఎక్కేముందే అడిగి తెలుసుకోవలసిన సంగతి ఇది, విడిగా ప్రయాణ వైద్య బీమా ఎలాగూ ఉండాలి.

బ్రిటన్ ఇంకో దారి పట్టింది. 1946లో బీమా కంపెనీలన్నీ కలిసి మోటార్ ఇన్షూరర్స్ బ్యూరో పెట్టుకున్నాయి. బీమా లేని బండి గుద్దినా, బండి జాడ తెలియకపోయినా బాధితుడు ఆ సంస్థను అడగవచ్చు, ఆ ఖర్చు ప్రీమియం కట్టేవారందరి మీదా పంచబడుతుంది. మన దేశంలో ఇందాక చెప్పిన ప్రభుత్వ నిధి ఏర్పడింది గాని, అది ఇచ్చేది చికిత్స ఖర్చు, గుద్ది పారిపోయిన కేసుల్లో రెండు లక్షలు. బీమా లేని యజమాని ఎవరో తెలిసిన కేసుల్లో ముప్పై లక్షల తీర్పు పట్టుకుని తిరిగే ఆ వెల్డింగ్ పనివాడి భార్యవంటివారికి ఈ నిధిలో చోటు లేదు. ఎవరు గుద్దారో తెలియకపోతే రెండు లక్షలు వస్తాయి, తెలిస్తే ఆ రెండు లక్షలూ రావు. ఈ అన్యాయాన్ని సరిదిద్దడానికి రెండు పనులు జరగాలని నేను గట్టిగా కోరుతున్నాను. ఒకటి, ట్రిబ్యునల్ తీర్పు ఇచ్చి ఈ.పి.లో వసూలు కాలేదని తేలిన చోట, ముందు నిధినుంచి బాధితులకు చెల్లించి, ఆపైన ప్రభుత్వమే యజమాని వెంట పడాలి. లైసెన్సు లేని కేసుల్లో బీమా కంపెనీలు ఇప్పటికే చేస్తున్న పని ఇది. రెండు, అమెరికాలో ఉన్నటువంటి యూఎం కవరేజిని మన కంపెనీలు కూడా ఓనర్ డ్రైవర్ రక్షణకు అనుబంధంగా, ఇంట్లో అందరికీ, నడిచి వెళ్లేటప్పుడు కూడా వర్తించేలా అమ్మాలి. నియంత్రణ సంస్థ దానికి నమూనా షరతులు రూపొందించాలి. ఈ రెండింటినీ వివరిస్తూ ఒక వినతిపత్రం తయారుచేశాను. ప్రతులు ద్వారం దగ్గర బల్ల మీద ఉన్నాయి, చదివి అంగీకరించినవారు సంతకం చేయండి. వాటిని జిల్లా కలెక్టరు ద్వారా రవాణా శాఖకు పంపుతాం. ఇప్పుడు మీ ప్రశ్నలు అడగండి.